ఆడవాళ్ల హాలు ఫొటోలు

రెండువేల ఎనిమిది ప్రాంతంలో నేను మస్కట్‌లో, అల్ ఖువైర్‌లోని ఒక ఫొటో స్టూడియోలో పనిచేసేదాన్ని. ఒమానీ పెళ్లిళ్లలో ఆడవాళ్లకు వేరే హాలు ఉంటుంది. అందులోకి మగ ఫొటోగ్రాఫర్ అడుగుపెట్టకూడదు. అక్కడ తీసిన ఫొటోలు పరాయి మగవాడి కంట పడకూడదు. అందుకే నన్నూ, ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయినీ పెట్టుకున్నారు. మగవాళ్ల హాల్లో ఫొటోలు తీసేది జగిత్యాల అబ్బాయి. నన్ను అక్కా అని పిలిచేవాడు.

ఎవరు తీసిన ఫొటోలు వాళ్ల హార్డ్‌డిస్కుల్లోనే ఉండేవి. ఒక పెళ్లి ఆల్బంలో ఇంకో పెళ్లికొడుకు ఫొటో దూరాక మా ముదీర్, అంటే మేనేజరు, విసిగిపోయాడు. అందరి ఫొటోలూ ఒక్కచోట ఉండే సాఫ్ట్‌వేర్ కొందామన్నాడు. కంప్యూటర్ కోర్సు చేశానని, ఏది కొనాలో నన్నే చూడమన్నాడు.

వెతికి వెతికి రెండు తేల్చాను. ఒకదాంట్లో ఏ ఫోల్డరు ఎవరికి కనిపించాలో మనమే పెట్టుకోవచ్చు. కానీ దానికి సర్వర్ కావాలి, ఖరీదెక్కువ. రెండోది చవక. అందులో అన్నీ అందరికీ కనిపిస్తాయి. మొదటిదే కొనమని బతిమాలాను. ఆడవాళ్ల ఫొటోలు రెండోదాంట్లో పెట్టనే వద్దన్నాను. నేను ఘుబ్రాలో మా పాపను స్కూలు నుంచి తీసుకురావడానికి వెళ్లినప్పుడు, ట్రయల్ చూద్దామని ఆయన చవకదాన్నే ఎక్కించి నా డిస్కు మొత్తం అందులోకి లాగేశాడు.

తిరిగొచ్చి మెట్లెక్కుతుంటే జగిత్యాల తమ్ముడు ఎదురొచ్చాడు.

"అక్కా, నా స్క్రీన్ మీద ఆడోళ్ల ఫొటోలొస్తున్నయ్. ఖురియాత్ ఊరి పెండ్లియి. నేను సూడలే, మానిటర్ బంద్ చేసిన. పెండ్లిపిల్ల అన్న కింద కారు పెడ్తున్నడు."

ఆ అన్న వస్తున్నది మగవాళ్ల ఫొటోలు ఎంచుకోవడానికి, అదే కంప్యూటర్ మీద. లోపలికి పరిగెత్తాను. ముదీర్ అప్పటికే మానిటర్ మళ్లీ పెట్టి మౌస్ పట్టుకుని ఉన్నాడు. అందులోంచి తీసేస్తే అసలు ఫైళ్లు కూడా పోతాయని హిందీలో మొత్తుకుంటూనే ఉన్నాను. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. ఆయన ఆ పెళ్లి ఫోల్డరు మీద డిలీట్ నొక్కేశాడు.

అన్న వచ్చాడు. కహ్వా తాగి, కావలసినవి ఎంచుకుని, షుక్రాన్ చెప్పి వెళ్లిపోయాడు. అతనికేమీ కనపడలేదు.

కెమెరా కార్డులు అప్పటికే మరో పెళ్లికి వాడేశాం. పోయిన ఫైళ్లను వెనక్కి తెచ్చే ప్రోగ్రాములు దొరికినవన్నీ నడిపాం. ఖాళీ అయిన చోట ఆ సాఫ్ట్‌వేర్ వేరే ఫొటోలు నింపేసింది. తిరిగొచ్చినవాటిలో పైన ఇంత మేర హాలు దీపాలు, కింద అంతా బూడిదరంగు. ఫిలిప్పీన్స్ అమ్మాయి ఒక్కొక్కటీ తెరుస్తూ ఏడ్చింది. నాకు ఏడవాలన్నా భయమేసింది, ఏడిస్తే పోయాయని ఒప్పుకున్నట్టేనని. ఇంట్లో అన్నం కలుపుకుని ముద్ద ఎత్తలేకపోయేదాన్ని. మా ఆయన అడిగితే తలనొప్పి అనేదాన్ని.

తర్వాత ముదీర్ నేను చెప్పిన సాఫ్ట్‌వేరే కొన్నాడు. సర్వర్ వచ్చింది. నాకు వేరే లాగిన్ వచ్చింది. ఖురియాత్ పేరుతో చేసిన ఫోల్డరు మాత్రం తెరిస్తే ఖాళీ.

పెళ్లివాళ్లకు చెప్పడానికి నన్నే పంపారు. మగవాడు వెళ్లి మాట్లాడే సంగతి కాదు. తమ్ముడు కారు నడిపి గేటు బయటే ఉండిపోయాడు. పెళ్లికూతురి తల్లి ఖర్జూరాలు పెట్టి కూర్చోమంది. ఆమెకూ కూతురికీ హిందీ వచ్చు, జరిగింది హిందీలోనే చెప్పాను. ఆమె ఒక్కటే అడిగింది, మగవాళ్లెవరైనా చూశారా అని. ముదీర్ మౌస్ పట్టుకున్నప్పుడు ఎటు చూశాడో నాకు తెలియదు. చూడలేదన్నాను. అల్‌హమ్దులిల్లాహ్ అనుకుని ఆమె కళ్లు మూసుకుంది.

పెళ్లికూతురు నా పక్కకు జరిగింది.

"మా అమ్మమ్మ, వాళ్లక్క కలిసి కూర్చున్న ఫొటో కూడా పోయిందా?"

ఆ అక్క ఆఫ్రికాలోని జాంజిబార్ నుంచి వచ్చిందట. చిన్నప్పుడు విడిపోయాక అక్కచెల్లెళ్లు కలుసుకోవడం అదే మొదలట. పెళ్లవగానే ఆమె తిరిగి వెళ్లిపోయింది. ఆ ఫొటో తీసింది నేనే. ఎన్నిసార్లు పిలిచినా కెమెరా వైపు తిరగకుండా ఒకరినొకరు చూసుకుంటూ ఉండిపోయారు.

"పోయిందమ్మా," అన్నాను.

అమ్మమ్మకు హిందీ రాదు. మూల దిండుకు ఆనుకుని కూర్చున్న ఆమె, ఫొటోలు తెచ్చాననుకుని నవ్వుతూ నా సంచీ వైపు చేయి చాపింది. పెళ్లికూతురి తల్లి వంగి చెవిలో అరబీలో చెప్పేదాకా ఆ చేయి అలాగే ఉంది.