గొళ్ళెం మరిచిన స్పోర్ట్స్ కారు

పాలిటెక్నిక్ పాసై బయటికొచ్చిన ఆ రోజుల్లో, ఈ లోకంలో బాగుచేయవలసినవి రెండే మిగిలాయని నా గట్టి నమ్మకం. ఒకటి ట్రాక్టర్, రెండోది మా ఉస్తాద్. కేసముద్రం మార్కెట్ యార్డు వెనక ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు ఆయనది. అందులో నేను కొత్తగా చేరిన మెకానిక్‌ని. ఆయన చదువు ఏడో తరగతి దగ్గరే ఆగింది గానీ, బండి వీధి మలుపులో ఉండగానే చప్పుడు విని "డీజిల్ల నీళ్ళు కలిసినయ్" అని చెప్పేవాడు. నేను పుస్తకం తిరగేసి, నాలుగు సామాన్లు విప్పి, సాయంత్రానికి అదే మాట ఇంగ్లిషులో చెప్పేవాణ్ణి. (డిప్లొమా నాది, దిమాక్ ఆయనది. ఈ పంపకం అప్పట్లో నాకు తలకిందులుగా కనిపించేది.)

ఏళ్ళ తరబడి ఊరందరికీ నాగళ్ళూ ట్రాలీలూ చేసిపెట్టిన ఆ మనిషికి, తన కోసం ఒక్కటంటే ఒక్కటి చేసుకోవాలని బుద్ధి పుట్టింది. అది కూడా మామూలుది కాదు, నేలకు జానెడెత్తున, ఇద్దరే పట్టే స్పోర్ట్స్ కారు. ఇంజనూ గేర్‌బాక్సూ మహబూబాబాద్‌లో ఒకరి ఇంటి వెనక మూలపడ్డ పాత కారువి, రెండు సీట్లు భూపాలపల్లి తుక్కు దుకాణంలో దొరికిన జీపువి, తక్కినదంతా మా షెడ్డు మూలల్లో పడున్న పైపులూ రేకులూ. పేరుకు స్పోర్ట్స్ కారే గానీ పుట్టుకకు స్పేర్ పార్ట్స్ కారు. రెండేళ్ళ ఆదివారాలు దానికే ధారపోశాం. ఈలోగా చాయ్ కొట్టు దగ్గర దాని మీద కారుకూతలకు కొదవే లేదు. బయ్యారం గుట్టల ఇనుమంతా దీంట్లోకే వచ్చి చేరిందని ఒకడు, దీనికి ముందు ఎడ్లు కడతారా వెనక కడతారా అని ఇంకొకడు. ఉస్తాద్ నవ్వి చాయ్ తాగేవాడు. నేను మాత్రం ఆ మాటలన్నీ మోసుకుని షెడ్డుకు తెచ్చుకునేవాణ్ణి.

నాకూ ఆయనకూ పేచీ ఒక్కదాని మీదే. ట్రాక్టర్‌కు ఉన్నట్టే ఆ కారుకు కూడా వెనక చక్రాలకు చెరొక బ్రేకు పెడల్ పెట్టాడు. మడి చివర ట్రాక్టర్‌ను తిప్పాలంటే ఒక పక్క పెడలే తొక్కుతాం. ఆ చక్రం ఆగుతుంది, బండి ఉన్నచోటే గిర్రున మళ్ళుతుంది. రోడ్డెక్కినప్పుడు మాత్రం రెండు పెడళ్ళనూ కలుపుతూ చిన్న ఇనుప గొళ్ళెం వేసుకోవాలి. మా షెడ్డు బండ్లు ఎక్కువగా నేరుగా పొలంలోకే దిగేవి గనుక, బండి దిగేవాడు కాలి బొటనవేలితో ఆ గొళ్ళెం తీసి దిగడం మాకు ఆనవాయితీ. గుడి ముందు చెప్పులు విడిచినంత అలవాటుగా జరిగిపోయేది. స్పోర్ట్స్ కారుకు ఈ జంట పెడళ్ళేమిటి, చదువుకున్నవాళ్ళు చూస్తే నవ్వుతారని నేను మొత్తుకున్నాను.

"నవ్వేటోళ్ళను నవ్వనీ," అన్నాడు ఉస్తాద్. "బురద డిప్లొమా అడగదురా."

అసలు గండం అక్క రూపంలో వచ్చింది. అక్కంటే ఉస్తాద్ ఇల్లాలు, షెడ్డుకు అసలు యజమాని. (ఈ సంగతి ఉస్తాద్ ఎన్నడూ కాదనలేదు.) రెండు ట్రాక్టర్లు పట్టే జాగాను ఆడని కారొకటి ఆక్రమించిందని ఆమె బాధ. అప్పుడే నేను ఫోన్‌లో ఒక కబురు చూశాను. జనగామ అవతల లారీ డ్రైవర్లకు తర్ఫీదు ఇచ్చే చోటొకటి ఉంది. దాని ట్రాకును హైదరాబాద్ కార్ల పిచ్చివాళ్ళు కొందరు ఒక ఆదివారానికి అద్దెకు తీసుకున్నారు. సరదా ఉన్న ఎవరైనా తమ బండి తెచ్చుకుని ఐదు చుట్లు తిప్పుకోవచ్చు. అక్క తీర్పు అక్కడికక్కడే వచ్చేసింది.

"ఐదు సుట్లు తిరిగిందా, షెడ్డుల ఉంటది. తిరగలేదా, సోమారం పొద్దున గ్యాస్ కట్టర్ పెట్టి దీని పైపులతోని ట్రాక్టర్లకు మడి దున్నే ఇనుప చక్రాలు జెయ్యుండ్రి."

ఉస్తాద్ ముఖం చూశాను. ఎంత పెద్ద ఇంజను బద్దలైనా చెక్కుచెదరని మనిషి, ఆ మాటకు పానా ఎక్కడ పెట్టాడో మరిచిపోయి చేతిలోనే పట్టుకుని వెతుక్కున్నాడు.

పత్తి దించి ఖాళీగా పోతున్న డీసీఎం వ్యానులో కారును ఎక్కించుకుని బయల్దేరాం. తీర్పు చెప్పిన అక్క అమలు కూడా చూడాలని సర్వపిండి డబ్బాతో ముందు సీట్లో కూర్చుంది. స్టేషన్ ఘన్‌పూర్‌లో చాయ్‌కి ఆగితే ఒక పెద్దమనిషి కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, "గిది కలుపు తీసేదా, మందు కొట్టేదా?" అని అడిగాడు. రెండూ చేస్తుందని ఉస్తాద్ చెబితే, ధర అడగబోయాడు.

ట్రాకు దగ్గర మెరిసే కార్ల వరసలో మాది పెండ్లి పందిట్లోకి వచ్చిన దున్నపోతులా నిలబడింది. బండ్లు పరీక్షించే టోపీ అబ్బాయి జంట పెడళ్ళను చూసి నవ్వలేదు. వంగి నొక్కి చూసి, గొళ్ళెం వేసే నడపాలని చెప్పాడు. నేనే వేసి చూపించాను. ఇంకో మాట కూడా చెప్పాడు. తాడు కట్టి లాగాల్సి వచ్చిన బండికి ఆ రోజుకిక ట్రాకు మీద చోటు లేదు. నేను తలూపి హెల్మెట్ పెట్టుకున్నాను. మొదట నేను నడపాలని ముందే తీర్మానమైంది. (తీర్మానించింది నేనే.) పెట్టుకున్నాక, హెల్మెట్‌తో ఒక ఫొటో లేకపోతే ఎలా అనిపించింది. కిందికి దిగి, బానెట్ మీద చెయ్యేసి, మెడ వాల్చి, రకరకాలుగా దిగాను. మళ్ళీ ఎక్కి పోనిచ్చాను.

రెండు చుట్లు బ్రహ్మాండంగా సాగాయి. మలుపుల ముందు కాలు తీస్తే చాలు, అదే నెమ్మదించేది. మూడో చుట్టులో వెనక ఎవరో హారన్ కొట్టారు. నాకు పౌరుషం వచ్చింది. మలుపు దాకా కాలు తీయకుండా పోయి, అప్పుడు బ్రేకు తొక్కాను. కారు మడి చివరికొచ్చిన ట్రాక్టర్‌లా గిర్రున తిరిగి, ట్రాకు పక్కన రాత్రి వానకు నానిన నల్లరేగడిలో దిగి, వచ్చిన దారినే చూస్తూ ఆగింది. పక్కనే అప్పటికే కూరుకుపోయిన ఎర్ర కారొకటి తాడు కోసం ఎదురుచూస్తోంది. నేను ఆక్సిలరేటర్ తొక్కుతుంటే ఎడమ చక్రం ఒక్కటే తిరిగి బురద చిమ్ముతోంది.

ఉస్తాద్ ప్యాంటు మడిచి నడిచొచ్చాడు. పెడళ్ళకేసి చూశాడు. ఊడి వేలాడుతున్న గొళ్ళేన్ని చూశాడు. తర్వాత నా కుడి కాలి బొటనవేలిని చూశాడు. ఫొటో కోసం దిగినప్పుడు అది తన ఆనవాయితీ తాను నెరవేర్చిందని మా ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. తిట్టి ఉంటే బాగుండేది.

"తాడు తెస్తుండ్రు ఉస్తాద్," అన్నాను.

"తాడెందుకు? దిగు."

ఆయన కూర్చున్నాడు. గొళ్ళెం వేయలేదు. ఎడమ పెడల్ ఒక్కటే మెల్లగా నొక్కి పట్టి, ఇంజను మీద కాస్త ఊపు పెంచాడు. ఊరికే తిరుగుతున్న ఎడమ చక్రం ఆగేసరికి బలమంతా కుడి చక్రానికి పోయింది. అది నేలను పట్టింది. కారు నిండుగర్భిణి లేచినట్టు నెమ్మదిగా, ఎవరి చెయ్యీ ఆసరా లేకుండా, ఒక్కో మూరా జరిగి ట్రాకెక్కింది. తాడు పట్టుకొచ్చిన ఇద్దరూ అలాగే నిలబడిపోయారు. ఉస్తాద్ గొళ్ళెం వేసుకుని మిగిలిన మూడు చుట్లూ తిప్పాడు. చుట్టుకొక గులకరాయి కొంగులో వేసుకుంటున్న అక్క, ఐదోది వేశాక కొంగు ముడేసింది.

ఐదు చుట్లూ పూర్తిచేసిన బండ్లన్నింట్లో మాదే ఆఖరు. అయినా ఎర్ర కారాయన మోకాళ్ళ మీద కూర్చుని మా పెడళ్ళను చూసి, ఈ ఆలోచన ఎవరిదని అడిగాడు. ఉస్తాద్ నా భుజం మీద చెయ్యేసి, "గిదంత మావోడే. డిప్లొమా సదివిండు," అన్నాడు. జీవితంలో నాకు దక్కిన మొదటి పొగడ్త అదే. తల ఎత్తుకోలేకపోయాను.

బండంతా ఈ బురదేమిటని అక్క అడిగితే, నేను నోరు తెరిచేలోపు ఉస్తాదే జవాబిచ్చాడు.

"జనగామ నేల పదునెట్లుందో సూద్దామని దిగినం."

అక్క ఆయన్నీ చూసింది, నన్నూ చూసింది. సర్వపిండి ముక్క నా చేతిలో పెట్టి, "సోమారం కట్టర్‌కు వేరే పని సూడుండ్రి. దీన్ని ముందుగాల జర కడుగుండ్రి," అంది.

ఆ కారు ఇప్పటికీ షెడ్డులోనే ఉంది. ఎండాకాలం దాని బానెట్ మీద అక్క మిరపకాయలు ఆరబెడుతుంది. నేను భూపాలపల్లిలో వ్యవసాయ యంత్రాల దుకాణానికి మేనేజర్‌నై, మొన్నామధ్య కొత్త కారు కొన్నాను. ఏ చక్రం జారితే ఆ చక్రానికి తనంతట తానే బ్రేకు వేసే కంప్యూటర్ ఇందులో ఉందని షోరూమ్ కుర్రాడు అరగంట గర్వంగా వివరించాడు. అది మా ఉస్తాద్ ఎడమ పెడల్ అని అతనికెలా చెప్పను? విని, తలూపి, తాళం తీసుకున్నాను. ఇంటి ముందు కారు ఆపి దిగబోతే, నా కుడి కాలి బొటనవేలు పెడల్ పక్కన దేనికోసమో తడుముకుంది. గొళ్ళెం లేదని దానికి ఇంకా తెలియదు. నేనూ చెప్పలేదు.