ముక్కుతో పని లేని చేప

మా వదిన గ్లోరీకి జహీరాబాద్ చేపల బజారులో ఒక పేరుండేది. ఆమె వస్తోందంటే అమ్మేవాళ్లు నిన్నటి చేపను గోనెసంచి కిందికి తోసేవాళ్లు. ఆమె వంగి చూసేది కాదు, మొప్పలు ఎత్తేది కాదు. గంపకు అంత దూరాన ఆగి, గాలి పీల్చి, "ఇది నిన్నటిది" అనేది. బేరం అక్కడితో ఖతం. సింగూరు నీళ్ల రవ్వ చేపయినా, బొచ్చ చేపయినా ఆమె ముక్కు ఒప్పుకుంటేనే మా అన్న యాకోబు ఇంటి గడప దాటేది. వండేటప్పుడూ అదే ముక్కు. పులుసులో చింతపండు పచ్చిదనం పోయిందో లేదో మూత తీయకుండా చెప్పేది. నాకు కొంచెం ఒళ్లు మండేది కూడా. ఆడబిడ్డను కదా, వదినను పొగిడితే నాకేం వస్తుంది?

కిందటి వానాకాలంలో ఆమెకు జ్వరం పట్టింది. బీదర్ దవాఖానలో చేర్పించాం. ఇక కష్టమే అనుకున్నాం కానీ బతికి బయటపడింది. ఇంటికొచ్చాక తెలిసింది, వాసన పోయిందని. పాలు పొంగి మాడినా తెలియదు. పోపు బొగ్గయినా తెలియదు. ఒకరోజు పాడైపోయిన పప్పును వేడి చేసి అందరికీ వడ్డించింది. మా అన్న ఒక ముద్ద పెట్టుకొని, లేచి వెళ్లి పెరట్లో ఉమ్మి వచ్చాడు. తిట్టినా బాగుండేది. ఆ మర్నాటి నుంచి మా అమ్మ నారమ్మ నడుం నొప్పితోనే పొయ్యి ముందు పీట వేసుకుంది, వదినకు ఉల్లిగడ్డలు కోసే పని మిగిలింది. వాసన రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. నెలలు గడిచాయి, రాలేదు.

అప్పుడు మా అన్నకు కృతజ్ఞత కూటం పెట్టాలనిపించింది. భార్య బతికినందుకు దేవుడికి స్తోత్రం చెప్పాలి, చర్చి అయ్యగారిని, సంఘం వాళ్లను పిలవాలి, అందరికీ భోజనం పెట్టాలి. అంతవరకు మంచిదే.

"వంటలు బయట చెప్తా. నువ్వు ఫికర్ చెయ్యకు గ్లోరీ, మంచిగ చీర కట్టుకొని ముంగట కూసో" అన్నాడు.

వదిన చేతిలోని కత్తి కింద పెట్టింది. "నేను బతికిన్నని కూటం పెడ్తవ్. నన్ను పొయ్యి కాడికి మాత్రం రానియ్యవ్. మరి బతికింది ఎవరయ్యా?"

మా అన్న ఫోను తీసి చూసుకున్నాడు. చివరికి, "సరే, ఒక్క కూర నువ్వు చెయ్" అన్నాడు, చిన్నపిల్లకు బొమ్మ ఇచ్చినట్టు. నాకు మా అన్న నెత్తి మీద ఒక్కటి మొట్టాలనిపించింది.

వదిన నన్ను వెంటబెట్టుకొని బజారుకు నడిచింది. చేపలమ్మే చంద్రప్ప గంప ముందు ఆగి, అలవాటుగా గాలి పీల్చింది. ఏమీ తెలియలేదు. ఇంకోసారి పీల్చింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. చంద్రప్ప మా వైపు చూడకుండా చేపల మీద నీళ్లు చల్లుతూ ఉండిపోయాడు. ఆమె సంగతి ఊరంతా తెలుసు.

గంప పక్కన మూతపెట్టిన మంచు పెట్టె ఒకటుంది. "అండ్ల ఏమున్నది?" అని నేనే అడిగాను, మాట మార్చడానికి.

"ట్యూనా. సముద్రం దిక్కు తూర అంటరు. బొంబాయి రోడ్డు మీది లారీల వస్తది" అని మూత తీశాడు. మంచులో నిండా కూరుకుపోయి నీలంగా మెరుస్తున్న చేప. పక్కనే కోసిన తునక ఒకటి, ఎర్రగా. "మటన్ లెక్క ఉన్నదని ఎవరూ కొంటలేరు. వాసన జూస్తరు, పోతరు. దీనికి ముక్కుతోని పని లేదక్కా. మంచు తప్పిందంటే లోపల్నే ఖరాబయితది, వాసన మాత్రం రాదు. తిన్నంక మొఖం ఎర్రగయి దద్దుర్లు లేస్తయ్."

వదిన అతన్ని తేరిపార చూసింది. "మరి ఎట్ల తెలుస్తది?"

"చేతితోని. కండ్లతోని. అన్నిటికన్నా ముందు, మంచుల ఉన్నదా లేదా."

"అంటే ముక్కున్నోళ్లకు, లేనోళ్లకు ఒకటే న్యాయమా?"

"ఒకటే."

జ్వరం తర్వాత మా వదిన ముఖంలో నవ్వు చూడడం అదే మొదటిసారి. మంచులోకి చెయ్యి పెట్టింది. చేపను వేలితో నొక్కింది, కండ గట్టిగా తిరిగి పైకి లేచింది. కన్ను చూసింది, తేటగా ఉబ్బెత్తుగా ఉంది. కోసిన తునక గోధుమరంగు తిరిగిందా అని వెలుతురుకు పట్టి చూసింది. ఎర్రగానే ఉంది. చిన్న తునక కొనుక్కొని, మా అన్నకు తెలియకుండా, ఆ ఊళ్లోనే వేరుగా ఉన్న మా ఇంటికి నేరుగా వచ్చింది. "ముందుగాల నీ పొయ్యి మీద ఖరాబు చేస్త" అంది.

చేసింది కూడా. మా దిక్కు చేపను ఉప్పు, జొన్నపిండి వేసి రుద్ది, నీళ్లు తేటపడేదాకా కడుగుతాం. వదిన అలాగే కడిగింది. ఎరుపు దిగుతూనే ఉంది, ఆమె కడుగుతూనే ఉంది. చివరికి ముక్కలు నానబెట్టిన అట్టలా తెల్లబోయాయి. తర్వాత మన అలవాటు ప్రకారం పులుసులో వేసి, నూనె పైకి తేలేదాకా మరిగించింది. తిని చూశాను. నమిలాను. ఇంకా నమిలాను.

"జర చెప్పు" అంది.

"వదినె, దీన్ని గొడ్డలితోని కొట్టాలె" అన్నాను.

ఏడుస్తుందనుకున్నాను. ఆమె ఒక ముక్కను వేళ్లతో చీల్చి, పీచు పీచుగా విడిపోతుంటే చాలాసేపు చూసింది. "ఇది ఎర్రగున్నది నెత్తురు గాదు ప్రవీణా, కండనే ఎరుపు. నేను దాని సత్తువంత కడిగి పారబోసిన. ఇది చేప లెక్క ఉడికేది గాదు. కార్జం లెక్క ఉడికేది." వెంటనే నాకూ అర్థమైంది. మేక కార్జాన్ని, అంటే కాలేయాన్ని, ఎక్కువసేపు పొయ్యి మీద ఉంచితే రాయి అవుతుందని మా ఇళ్లలో పెళ్లికాని పిల్లకు కూడా తెలుసు. చేప అనగానే ఆ తెలివి మాకు గుర్తుకు రాలేదు.

కూటం నాడు పొద్దున్నే మళ్లీ చంద్రప్ప దగ్గరికి పోయింది. ఈసారి చేప మొత్తం. మంచుతో సహా సంచిలో పెట్టించుకొని, దారిలో ఎవరితోనూ ముచ్చట పెట్టకుండా ఇంటికి తెచ్చింది. ఒక్కసారి నీళ్లు చూపించి, బట్టతో అద్దింది. నడుమనున్న నల్లటి నెత్తుటి కండ కోసి తీసేసింది. ముక్కలు లావుగా కోసి, ఉప్పు, పసుపు, మిరియాల పొడి పట్టించి, మళ్లీ మంచు మీదే పెట్టింది. మా అమ్మ పీట మీద నుంచి లేవకుండా అంతా గమనిస్తోంది.

"అత్తమ్మా, జర జరుగు" అంది వదిన. మా అమ్మ జరిగింది. కోడలు అడిగితే మా అమ్మ జరగడం నేను చూడలేదు అంతకుముందు.

ఆ వంట నేను మరచిపోను. ముక్కు లేని మనిషి చెవితో వండింది. నూనెలో మన ఊరి అల్లం ముద్ద పడగానే చిటపటమంది, తడి ఇగిరేకొద్దీ ఆ చప్పుడు సన్నబడింది, ఆగిపోయే ముందే ఆమె ఉల్లిగడ్డ వేసింది. నువ్వుల పొడి రంగు తిరగడం కంటితో పట్టుకుంది. చింతపులుసు పోసి బాగా మరగనిచ్చింది. పులుపు, ఉప్పు, కారం నాలుకకు ఇంకా తెలుస్తాయి కదా, చెంచాతో చూసుకుంది. అందరూ కూర్చున్నారని నేను చెప్పాకే ముక్కలు వేసింది. బయట రంగు మారి, లోపల ఇంకా మెత్తగా ఉండగానే దించేసి మూతపెట్టింది.

మా అన్న భయం మా అన్నది. బయట చెప్పిన వంటలు చాలవన్నట్టు చాటుగా రెండు హండీల బిర్యానీ కూడా తెప్పించాడు. జనం కూడా చేప కూర వైపు చూసి, ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. వాసన తెలియని మనిషి వండిందట అని ఎవరో గొణిగారు. వదిన గరిటె పట్టుకొని నిలబడే ఉంది.

మా అమ్మ కంచం చాపింది. "నాకెయ్."

జొన్నరొట్టె తుంచి, ముక్కను వేలితో అదిమింది. వెన్నలా విడిపోయింది. తిన్నది. అందరూ ఆమె నోటి వైపే చూస్తున్నారు. మా అమ్మ ఎవరినీ మెచ్చుకోదు, నన్ను కన్నప్పుడు కూడా ఆడపిల్లేనా అన్నదట. రొట్టె ముక్కతో కంచమంతా తుడిచి, "గ్లోరీ, నాకు నడుం నొస్తున్నది. రేపటి సంది నువ్వే వండు" అంది.

ఇక చూడాలి. అయ్యగారు రెండోసారి వేయించుకున్నారు. గొణిగినవాళ్లు మూడోసారికి వచ్చారు. ఇది మటనా చేపనా అని ఒకరు, ఎక్కడ దొరుకుతుందని ఒకరు. వదిన గరిటె ఆడుతోంది, ఆమె తల నిటారుగా ఉంది, నాకు ఆనందంతో ఏడుపొచ్చింది. ఇప్పుడు చెబుతున్నాను, పొగడటమే అనుకోండి. మా వదిన లాంటి మనిషి జహీరాబాద్‌లో లేదు.

అందరూ తిన్నాక మా అన్న కంచం పట్టుకొని మెల్లగా వచ్చాడు. "ఇంకొక్కటి ఉన్నదా?"

వదిన గిన్నె వంచి చూపించింది. "అయిపోయింది. బిర్యానీ తెప్పిచ్చినవ్ గదా, తిను."