పాతరలోకి దింపిన దీపం

ధవళేశ్వరంలో కాలువ పడవ కోసం కాచుకుని విసిగిపోయి, మేం కొందరం దగ్గరలోని జమీందారు గారి పాత లోగిలి చూడబోయాం. తాతల వైభవం నలుగురూ చూడాలని వారసులు దాన్ని చెక్కుచెదరకుండా ఉంచి తెరిచిపెట్టారు. ఆ వైభవంతో నాకేం పని? ఎండ తప్పితే చాలనుకున్నాను. పడవకే వచ్చిన ఒక ముసలమ్మ కూడా మా వెంట నడిచింది.

నాగళ్లూ పల్లకీ చూపించాక, అక్కడి గుమాస్తా మమ్మల్ని పెరట్లో ధాన్యం దాచే పాతర దగ్గరికి తీసుకెళ్లాడు. నేలలోకి తవ్విన లోతైన గొయ్యి అది.

"ఆనకట్ట కట్టకముందు కరువులో ఊరిని బతికించింది ఇదేనండి," అంటూ మూతరాయి జరిపించాడు.

నేను వంగి చూడబోతే ముసలమ్మ నా ఉత్తరీయం పట్టి వెనక్కి లాగింది.

"ముందు దీపం దింపాలి బాబూ. మూసిన పాతరలో గాలి చెడిపోద్ది. దీపం ఆరిపోతే మనిషి దిగకూడదు."

"ఇప్పుడెవరు దిగుతారమ్మా? ఖాళీదేగా," అని గుమాస్తా నవ్వాడు.

"ఆ కరువులో మా ఆయన్ని ఇందులోకే దింపారండి. జనం తోసుకొస్తున్నారని దీపం మాట మర్చిపోయారు. ఒక గంపెడు గింజలు పైకి పంపారు, ఆయన మాత్రం రాలేదు. ఆ గింజలే ఆ పూట దంచి వండాను. పిల్లలు ఏడుస్తున్నారు మరి," అంది.

గుమాస్తా వెళ్లి లాంతరు వెలిగించి తెచ్చాడు. తాడు కట్టి దింపితే అది అడుగుదాకా ఆరకుండా వెలిగింది. ముసలమ్మ దాన్నే చూస్తూ మెల్లగా అంది, మాతో కాదు.

"ఇప్పుడు దిగండి."