రత్నమణి, రెండు నిఘంటువులు

కోయిలకుంట్ల బస్టాండు ఎదురుగా రత్నమణి ఉగ్గాణి బండి పెడుతుంది. పొద్దున్నే బొరుగులు నానేసి, తిరగమాత వేసి, మిరపకాయ బజ్జీలు దించుతుంటే కదలబోయే బస్సులోంచి కూడా జనం దిగొస్తారు. పదో తరగతి గట్టెక్కిన మనిషి. ఎవరి మాటా పడదు, మాటిస్తే వెనక్కి తీసుకోదు. గురువారం మధ్యాహ్నం ఆమె ఇంట్లో స్త్రీల కూడిక జరుగుతుంది. బైబిలు చదివి వివరించేది ఆమే. గ్రీకు, హెబ్రీ అనే భాషలున్నాయని తెలుసుగానీ వాటితో తనకేం పని అనుకునేది.

పని పెట్టింది కర్నూలు నుంచి వచ్చిన ఒక ప్రసంగీకుడు. ఉపవాస కూడికలో మైకు పట్టుకుని, గొడ్రాలు అనే మాటకు హెబ్రీ మూలంలో ‘పెరికి పారేసినది’ అని అర్థమనీ, సంతానం లేని స్త్రీని దేవుడే వేళ్లతో సహా పెరికేశాడనీ చెప్పి, భోజనం చేసి, కారెక్కి వెళ్లిపోయాడు. శివలీల తల వంచుకుని మధ్యలోనే లేచింది. ఆమెకు పెళ్లయి చాలా ఏళ్లయింది, కడుపు పండలేదు. గురువారం కూడికలో పాట ఎత్తుకునేది ఆమే. ఆ రోజు నుంచి రావడం మానేసింది. ఆమె లేక పాట సగంలోనే జారిపోతోంది. రత్నమణి పిలవడానికి వెళితే తలుపు ఓరగా తీసి, "దేవుడు పెరికేసినదాన్ని నువ్వేంటికక్కా మళ్లీ నాటుతావు?" అంది.

రత్నమణికి ఒళ్లు మండింది. నిజంగా ఆ మాటలో అంత ఉందా, లేక ఆ పెద్దమనిషి నోటికొచ్చింది పేలాడా? తన కళ్లతో చూసేదాకా శివలీల గడప తొక్కనని ఒట్టు పెట్టుకుంది. ముందు ఫోన్‌లో వెతికింది. ఒకటి అడిగితే పది వచ్చిపడ్డాయి, పదీ ఇంగ్లీషులోనే, ఏ రెంటికీ పొత్తు లేదు. పుస్తకమైతే నమ్మొచ్చనుకుని కడప బస్సెక్కింది. అక్కడ పాత పుస్తకాలమ్మే హబీబ్ దగ్గర, కాలం చేసిన ఒక పాదిరిగారి పుస్తకాలు మూటలు మూటలుగా ఉన్నాయని ఎవరో చెప్పారు.

"ఏ భాషది కావాలక్కా? గ్రీకా, హెబ్రీనా?" అన్నాడు హబీబ్.

రత్నమణి తడుముకోలేదు. హెబ్రీయులకు రాసిన పత్రిక కొత్త నిబంధనలో ఉంది, అంటే హెబ్రీ కొత్తదానిది. శారా గొడ్రాలుగా ఉన్న సంగతి పాత నిబంధనలోది, అంటే అది గ్రీకు. ఈ లెక్కలో తప్పు పట్టే మనిషి ఆ దుకాణంలో లేడు. గ్రీకు నిఘంటువు చంకన పెట్టుకుని ఇల్లు చేరింది.

బజ్జీల మూకుడు దించినప్పుడల్లా ఆ పుస్తకం తిప్పింది. ఆ అక్షరాల్లో శారా దొరకలేదు, గొడ్రాలూ దొరకలేదు. చివరికి సంఘ కాపరిని అడిగితే ఆయన నవ్వాపుకోలేక, తారుమారు చేశావమ్మా, పాతది హెబ్రీ, కొత్తది గ్రీకు అన్నాడు. అది ముందే పుస్తకం అట్ట మీద రాయొచ్చు కదా అని ఆమె విసుక్కుంది.

మళ్లీ కడప. హబీబ్ గ్రీకు పుస్తకం వెనక్కి తీసుకుని రెండు హెబ్రీవి ముందు పెట్టాడు. ఒకటి లావుది. దాన్ని అలవాటు కొద్దీ కుడివైపు నుంచి తెరిచి, "ఇది మా ఉర్దూ మాదిరే ఉండాదే, మొదలు ఈ పక్కనే" అని ఆశ్చర్యపోయాడు. రెండోది బక్కది, ఎడమవైపు నుంచి తెరుచుకుంటుంది, మాటమాటకూ ఒక నంబరు ఉంది.

"రెండిట్లో ఏది మేలన్నా?"

"నన్నడిగితే నేనేం చెప్తానక్కా. లావుది గట్టిగా ఉండాది, బక్కది మోయను సులువు."

అంతకు మించిన సలహా దొరక్క ఆమె రెండూ తెచ్చుకుంది. బడి పిల్లల మాదిరి రెంటి మొదటి పేజీలోనూ తన పేరు, తండ్రి పేరు రాసుకుంది. తెలుగు బైబిల్లో మాటలకు నంబర్లుండవని అప్పుడు తెలిసింది. కాపరి దగ్గర నంబర్లున్న ఇంగ్లీషు బైబిలు అరువు తెచ్చి, ఆ నంబరు పట్టుకుని బక్కదాంట్లో వెతికితే మాట దొరికింది. ‘పెరికివేయుట’ అనే మాట నుంచి పుట్టిందని ఇంగ్లీషులో రాసి ఉంది. అంటే ఆ ప్రసంగీకుడు అబద్ధం చెప్పలేదు. ఆ అక్షరాలనే ఒక్కొక్కటిగా పోల్చుకుంటూ లావుదాంట్లో చూస్తే, పిల్లలు లేని స్త్రీ అని మాత్రమే ఉంది, కింద ఆ మాట ఎక్కడెక్కడ వస్తుందో ఉంది. పెరకడం ఊసే లేదు. చూడకముందు కోపమొక్కటే ఉండేది, చూశాక ఉన్న మతి కూడా పోయింది. అయినా ఒట్టు తీరింది కాబట్టి రెండూ సంచిలో వేసుకుని శివలీల ఇంటికి నడిచింది.

"అయితే ఆయన చెప్పింది నిజమేనాక్కా?" అంది శివలీల అంతా విని.

"ఈ బక్కదాంట్లో ఉండాది. లావుదాంట్లో ల్యా. ఏది నమ్మాల్నో నాకు తెలీదు శివలీలా. ఉన్నది ఉన్నట్టు చెప్దామని వచ్చినా. బైబిల్లో ఇదే మాట శారాను అన్నారు, రిబ్కాను అన్నారు, రాహేలును అన్నారు."

"వాళ్లకు బిడ్డలు పుట్టినారు కదా."

ఇంత తిరిగి, ఇంత చదివి, చివరికి ఉన్న గాయాన్నే కెలికినట్టయింది. రత్నమణికి ఏడుపొచ్చింది. శివలీల ఆమె ముఖం చూడలేక, ఊరికే పుస్తకం తెరిచి మొదటి పేజీలో పేరు చదివింది. "తిప్పన్న అంటే మీ నాయనా?"

"ఊఁ. ముందు పుట్టినోళ్లు దక్కకపోతే, మా నాయన్ని చేటలో పెట్టి చెత్త తిప్ప మీద పండబెట్టినారంట. పారేసిన బిడ్డంటే చావు గూడా కన్నెత్తి చూడదని. అందుకే ఆ పేరు." రత్నమణి కళ్లు తుడుచుకుంది. "పేరు చూస్తే చెత్తకుప్పనే. ఆ ఇంట్లో ఆయన మాదిరి ముద్దుగా పెరిగినోడు ఇంకొకడు ల్యాడు."

"తిప్ప మీద నుంచి ఎవరెత్తుకొచ్చినారు?"

"కన్నతల్లి ఎత్తుకోగూడదు. పరాయామె ఎత్తుకొచ్చి ఇస్తే, తల్లి పిడికెడు తవుడిచ్చి కొనుక్కోవాల. పిలిచినా ఎవురూ రాకపోతే పక్కింటి ఓబులమ్మ పోయి ఎత్తుకొచ్చింది. ఆమె పోయేదాకా మా నాయన ఆమెను అమ్మా అనే పిలిచినాడు."

ఇన్నేళ్లూ రత్నమణి ఆ కథ చెప్పింది గానీ, ఈ ముక్క ఎన్నడూ తలచుకోలేదు.

"ఓబులమ్మకు బిడ్డల్లేరు" అంది.

శివలీల లావు పుస్తకం దగ్గరికి లాక్కుని, "దీన్ని ఏ పక్క నుంచి తెరవాలక్కా?" అని అడిగింది. ఇద్దరూ తలలు ఆనించి ఆ అక్షరాల మీద వేలు పెట్టుకుంటూ కూర్చున్నారు. ఇద్దరికీ ఏమీ అర్థం కాలేదు.

గురువారం కూడికలో రత్నమణి ఒళ్లో రెండు నిఘంటువులూ ఉన్నాయి. ఏది మంచిదో ఆమెకు ఇంకా తేలలేదు. పాట వేళకు అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుంటే, గడప దగ్గరి నుంచి శివలీల గొంతెత్తింది. ఆ రోజు పాట చివరిదాకా సాగింది.