చీకట్లో రాసిన నోటుపుస్తకాలు

మా చిన్నప్పుడు పొద్దున్నే దిల్‌సుఖ్‌నగర్‌లో మా గల్లీ పిల్లలంతా ఎక్కాలు వల్లెవేస్తుంటే... నేను మాత్రం వంటింటి గడప దగ్గర పీట వేసుకుని, పరీక్ష అట్ట ఒళ్లో పెట్టుకుని, ఏదో దేశంలో కోడిని చంకన పెట్టుకుని మంచులో నడిచిపోయే ఒక ముసలామె గురించి రాస్తూ ఉండేదాన్ని.

చెప్పేది మా నాయిన... రాసేది నేను.

ప్రపంచ సినిమా గురించి తెలుగులో పుస్తకాలు రాయడం ఆయన పని. నలభై ఏళ్లు ఇంకో పని చేయలేదు. చంపాపేట్‌లో ప్లాట్ల వ్యాపారం చేసే మా పెద్దనాయిన వచ్చినప్పుడల్లా "ఏందిరా, సినిమాలు చూసుడు గూడ ఒక నౌకరేనా?" అని నవ్వేవాడు. నాయిన కూడా నవ్వేసి చాయ్ తెమ్మనేవాడు. మా నాయిన సినిమాల మీద రాస్తాడని బడిలో చెప్తే, హీరోల ఫోటోలు తెమ్మని అందరూ నా వెంట పడ్డారు. మా ఇంటి సినిమాల్లో కోళ్లు, ముసలివాళ్లు తప్ప హీరోలు ఉండరని ఎట్లా చెప్పను!

అప్పట్లో ఆ సినిమాలు దొరికేవి కావు... సిటీలో ఫిల్మ్ సొసైటీ వాళ్లు ఒకే ఒక్క ఆట వేసేవాళ్లు. నాయిన సాయంత్రం బస్సెక్కి పోయేవాడు. ఆ భాషలు రావు కాబట్టి తెర కింద ఇంగ్లీషులో పడే మాటలే ఆధారం. తల వంచి రాసుకుంటే ఆ మాట కాస్తా పోతుంది. అందుకని తెర మీంచి కన్ను తీయకుండా, చీకట్లో, కాగితం చూడకుండానే రాసేవాడు.

ఎడమచేతి బొటనవేలు పేజీ మీద ఆనించి, ఒక వరస అయ్యాక వేలు కొంచెం కిందికి జరపాలి... అదీ పద్ధతి. సినిమా మరీ నచ్చితే వేలు జరపడం మర్చిపోయేవాడు. వరస మీద వరస... దాని మీద ఇంకో వరస. సినిమా ఎంత బాగుంటే పేజీ అంత నల్లగా ఉండేది.

మర్నాడు పొద్దున్నే పిలుపు... "రా బిడ్డా, జల్ది రా. ఎండెక్కితే సినిమా మర్చిపోత, నాకే సమజ్ గాదు."

పేజీని కిటికీ వెలుగులో పట్టుకుని, కళ్లు చిట్లించి, ఒక్కో మాట విడదీసి చెప్పేవాడు. తనే రాసుకుందామంటే, కన్ను పక్కకు తిప్పగానే వరస తప్పిపోయేది. అందుకే నేను. లోపల్నించి అమ్మ "పిల్లకు బడి టైమైతుంది. గా ముసలామె ఇంక ఇల్లు చేరలేదా?" అని కేకేసేది. ఆమె ఇల్లు చేరేదాకా నేను లేస్తే కదా... ఒక్కటీ చూడకుండానే ఎన్ని సినిమాలు చూశానో!

ఆ తర్వాత ఇంటర్‌కు వచ్చాను. తెల్లారకముందే కోచింగ్... "నాకు టైం లేదు నాయినా" అన్నాను. మొదటిసారి అన్నప్పుడు భయమేసింది. తర్వాత అలవాటైపోయింది. ఆయన ఒక్కసారి కూడా కోపం చేయలేదు. "ఏం గాదు తియ్, నీ పరీక్షలైనంక చూద్దాం" అనేవాడు.

పరీక్షలయ్యాయి... డిగ్రీ అయింది, ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది. ఆయన సినిమాలకు పోతూనే ఉన్నాడు. కొన్ని నోటుపుస్తకాలతో తనే తంటాలు పడి పుస్తకాలు తెచ్చాడు. విప్పలేకపోయినవి ఇనుప సందుగలో వేసి పెట్టాడు. అవి పదకొండు.

ఇప్పుడు ఆయన అల్మాస్‌గూడలో నా దగ్గరే ఉంటున్నాడు. రెండేళ్లుగా మతిమరుపు జబ్బు... తాగిన చాయ్ మర్చిపోయి మళ్లీ అడుగుతాడు. ఆ పదకొండింటితో ఆఖరి పుస్తకం వేద్దామని పబ్లిషర్ ఫోన్ చేస్తూనే ఉన్నాడు. నేను "చూస్తున్నానండీ" అంటూనే ఉన్నాను. ఏం చూస్తున్నాను, నా మొహం... పేజీకి నాలుగు మాటలు కూడా తెలియడం లేదు. చాలా పేజీలు నల్లగా ఉన్నాయి. పాపం, మంచి సినిమాలే చూసినట్టున్నాడు.

ఎల్బీనగర్‌లో జిరాక్స్ షాపుకు పోయి పేజీలు పెద్దవి చేయించాను. గజిబిజి కూడా పెద్దదైంది, అంతే. చేతిరాత చదివే యాప్ ఉందని మా అమ్మాయి ఫోన్‌తో ఫోటో తీసింది. అది కాసేపు తిరిగి తిరిగి, ఇందులో అక్షరాలేమీ లేవంది... నాకు ఏడుపొచ్చేసింది.

ఆ సినిమాలు ఇప్పుడు ఇంట్లో కూర్చుని చూడొచ్చు కదా అంటారు. చూడొచ్చు... కానీ ఆ చీకట్లో మా నాయిన ఏమనుకున్నాడో నాకెక్కడ దొరుకుతుంది?

మొన్న ఆదివారం పొద్దున మనసు కాస్త తేటగా ఉన్నట్టు కనిపించాడు. ఆశ చావదు కదా... బాల్కనీలో వెలుతురుకు కుర్చీ వేసి, ఒక నోటుపుస్తకం చేతిలో పెట్టి, పెన్ను పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. చాలాసేపు చూశాడు. ఒక పేజీ తిప్పాడు. మళ్లీ వెనక్కి తిప్పాడు.

"ఎవలది బిడ్డా గిది?"

"నీదే నాయినా. నువ్వు రాసిందే."

"నాదేడిది? నా రాత మంచిగుంటది" అని నవ్వాడు. నా మొహం చూసి జాలిపడ్డట్టున్నాడు, పుస్తకం మూసి మెల్లగా నా ఒళ్లో పెట్టాడు.

"పరేషాన్ గాకు. రాసినాయన్నే అడుగు... ఆయనకు ఎరుకుంటది గద."

ఆయన రోజూ పిలిచినప్పుడు నాకు టైం లేదు... ఇప్పుడు రోజంతా నాకు టైమే. మా నాయిన ఎదురుగానే కూర్చుని ఉన్నాడు, ఆ రాసినాయన్ని ఎక్కడికి పోయి అడగాలో తెలియడం లేదు.

మీ ఇంట్లో పెద్దవాళ్లకు మాత్రమే చదవడం వచ్చే రాత ఏదైనా ఉందా? ఉంటే మిగతా పోస్టులు తర్వాత చదవండి... ముందు లేచి వాళ్ల దగ్గరికి పోండి. వాళ్లేం చెప్పారో వచ్చి నాకు రాయండి.