మాగ్నెట్ మెడ పట్టుకున్న క్లాంపు

నేను చెప్పేవాటిలో సగం కోతలేనని మీకు తెలుసు. ఇది మిగతా సగంలోది. నమ్మకపోతే ఫికర్ లేదు... నేనూ ఇంకా పూర్తిగా నమ్మలేదు. కానీ జరిగింది. ఆదిలాబాద్‌లో, మా షాపులో, మొన్న దసరా రాత్రి. నా రెండు కళ్లతోడు. వెల్డింగ్ షాపువాడు కళ్ల మీద ఒట్టేశాడంటే కొంచెం ఆలోచించండి.

ముందు నా ఉద్యోగం గురించి చెప్పాలి. నా ఉద్యోగం పట్టుకోవడం. అంతే. నర్సన్న వెల్డింగ్ చేస్తాడు, నేను పట్టుకుంటాను. గేటు మూలకు రెండు ఇనుప పైపులు కలపాలంటే, గునియాతో మూల సరిగ్గా ఉందో లేదో చూసి, వాటిని కదలకుండా పట్టుకుని, ఊపిరి బిగబట్టి కూర్చోవాలి. నర్సన్న ముందు రెండు చుక్కలు అతికిస్తాడు. దాన్ని టాకా అంటాం. టాకా పడేదాకా చెయ్యి వణకకూడదు. ఆరేళ్లు వణకలేదు. "సాయిగాడు నా మూడో చెయ్యి" అని నర్సన్న గిరాకీల ముందు చెప్పేవాడు. మూడో చేతికి జీతం తక్కువే. అయినా ఆ మాట విన్నరోజు నేను ఇంటికి కొంచెం పొడుగై వెళ్లేవాణ్ణి.

ఈ పట్టు నాకు నేర్పింది నర్సన్న వాళ్ల బాపు. నేను తాత అనేవాణ్ణి. ఆయనకో పాత సి-క్లాంపు ఉండేది. కొడవలిలా వంగిన ఇనుము, ఒక కొసన మర. పిడి తిప్పుకుంటూ పోతే దవడ బిగుస్తుంది. తుప్పు పట్టిన మర, తిప్పితే కిర్రుమనేది. దవడకూ సామానుకూ మధ్య తాత ఎప్పుడూ పాత గ్లౌజు తోలు పెట్టేవాడు. రెండు మడతలు, అంచు లోపలికి. "ఇనుముకు సుత నొప్పి ఉంటదిరా" అనేవాడు. బిగించడం అయిపోయాక "హుఁ" అనేవాడు. ఆయన పోయాక క్లాంపు నా చేతికొచ్చింది.

తర్వాత, మొన్న ఉగాదికి, మాగ్నెట్ వచ్చింది.

ఎర్ర రంగు. కొబ్బరిచిప్పంత ఉంటుంది. పైన ఒక మీట. ఇటు తిప్పితే టక్... ఇనుమును కరుచుకుంటుంది, ఇద్దరు లాగినా రాదు. అటు తిప్పితే టక్... అసలు పరిచయమే లేనట్టు వదిలేస్తుంది. ఒంటికంటిన ఇనుపరజను కూడా జలజల రాలిపోతుంది. రెండు పక్కలూ సరిగ్గా మూలమట్టం. పైపులు దానికి ఆనించి మీట తిప్పితే చాలు. గునియా అక్కర్లేదు. నేనూ అక్కర్లేదు.

"చూసినావుర సాయిగా, ఎట్ల పట్టిందో!" నర్సన్న మురిసిపోయాడు. "చాయ్ అడగది. ఫోన్ చూడది."

"జోకులు సుత చెప్పదన్నా. నీకు బోర్ కొడ్తది."

"గదే కావాలె నాకు."

ఆ రోజు నుంచి సాయంత్రం కాగానే దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచేవాడు. నా ముఖం మసికొట్టుకుపోయినా ఆరేళ్లలో ఒక్కసారి కూడా గుడ్డ ఇవ్వలేదు. అవును, అసూయ పడ్డాను. మనిషి మీద పడితే అదో పద్ధతి. నేను మీటున్న ఇనుపముక్క మీద పడ్డాను.

సరే, వెనక షెడ్డులో టేకు తలుపుల పని ఉంది కదా, కట్టె వైపు పోదామనుకున్నాను. కట్టెను మాగ్నెట్ పట్టదు. రంపం మిషన్ దగ్గర పలక పక్కకు జరగకుండా ఒత్తి పట్టుకునేవాడు కావాలి. అక్కడ నేనే రాజును. ఆ రాజ్యం వారం నిలిచింది. నర్సన్న మాగ్నెట్‌కు ఒక తమ్ముణ్ణి తెచ్చాడు. పలక కట్టెదే... మిషన్ బల్ల ఇనుపది! అన్నదమ్ములిద్దరినీ బల్లకు కరిపించి, వాటికో కట్టెపట్టీ బిగించి, పలకను దాని వెంబడి తోశాడు. తిన్నగా కోసుకుపోయింది. నేను పొట్టు ఊడ్చాను.

"పండుగ ఎల్లినంక కూసొని మాట్లాడుదాంరా," అన్నాడు నర్సన్న ఆ సాయంత్రం, నా వైపు చూడకుండా.

కూర్చోబెట్టి మాట్లాడి జీతం పెంచిన చరిత్ర మా షాపుకు లేదు. పోయినసారి ఆయన కూర్చోబెట్టి మాట్లాడిన కుర్రాడు ఇప్పుడు వేములవాడలో కొబ్బరికాయలు అమ్ముతున్నాడు.

దసరా రోజు పనిముట్లకు పూజ. నర్సన్న భార్య, మా వదిన, అన్నీ కడిగి ఇనుపబల్ల మీద పేర్చింది. మధ్యలో ఎర్రగుడ్డ. దాని మీద పెద్ద మాగ్నెట్. బంతిపూల దండ కూడా దానికే. క్లాంపు బల్ల కింద మూలన ఉంది.

"వదినా, క్లాంపుకు బొట్టు పెట్టలే."

"అయ్యో, కుంకుమ అయిపాయె. పాతదే గద సాయిలూ, రేపు పెడ్త తియ్."

హడావుడిలో నాకూ బొట్టు పెట్టలేదు. నేనూ క్లాంపూ ఒకరినొకరం చూసుకున్నాం.

మా దగ్గర ఒక పద్ధతుంది. పూజ చేసిన పనిముట్టును తెల్లారేదాకా ముట్టకూడదు. దీపం ఆరకూడదు. కాపలా ఎవరు? పండగపూట పని లేనివాడు. నర్సన్న జమ్మి పంచడానికి పోతూ పోతూ మాగ్నెట్ మీట ఆఫ్‌లో ఉందో లేదో చూసుకుని మరీ పోయాడు. నేను షట్టర్ దించి, లోపలి నుంచి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాను. ఈ తాళంచెవి సంగతి గుర్తుంచుకోండి.

టేకు పలక మీద పడుకున్నాను. కరెంటు పోయింది. మా షాపులో అది దయ్యం పనికాదు, రోజువారీ సంగతి. దీపం మాత్రం వెలుగుతోంది. ఊళ్లో పటాకుల మోత కూడా ఆగిపోయింది. కళ్లు మూతలు పడుతున్నాయి...

టక్.

మీట. ఆ చప్పుడు నాకు తెలియదా? నెలల తరబడి నా కడుపు మండించిన చప్పుడు అది. వెంటనే బల్ల మీది మేకులు చిన్నగా జరిగిన శబ్దం... చిర్ర్... మాగ్నెట్ వైపు.

కొంచెం ఆగి... టక్. ఆఫ్.

మళ్లీ టక్. మళ్లీ టక్.

కొత్త సామాను చేతికొచ్చినవాడు తిప్పితిప్పి చూసుకున్నట్టు. తాత మాగ్నెట్ రాకముందే పోయాడని నాకు అప్పుడే ఎందుకు గుర్తొచ్చిందో... గుర్తొచ్చింది.

లేచి చూడొచ్చు కదా అంటారు. మీరుంటే మీరు చూసేవాళ్లు. నేను గోడ వైపు తిరిగి దుప్పటి ముసుగేసుకున్నాను. దయ్యాన్ని దుప్పటి ఆపుతుందని ఎవరు కనిపెట్టారో గానీ, ఆ రాత్రి నాకు వేరే ఏర్పాటు లేదు.

అప్పుడు మొదలైంది.

కిర్ర్...

ఎలుక అనుకున్నాను.

కిర్ర్... ఆగింది. కిర్ర్... ఆగింది.

ఎలుకకు మర తిప్పడం రాదు. అరచుట్టు తిప్పి, చెయ్యి మార్చుకుని, మళ్లీ తిప్పడం అసలే రాదు. నేను ఊపిరి బిగబట్టాను. అది మాత్రం నాకు బాగా వచ్చు. ఒక్కో చుట్టుకూ చప్పుడు సన్నబడుతోంది. బిగుస్తున్న మర అలాగే సన్నబడుతుంది. దీపం నీడ గోడ మీద కదిలిందా... నేను వణికానా... తెలియదు.

"తాతా?" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

చప్పుడు ఆగింది.

చాలాసేపు ఏమీ లేదు.

తర్వాత... చాలా మెల్లగా... "హుఁ."

అంతే. నిద్రపోయానో, స్పృహ తప్పిందో చెప్పలేను. పరువు కోసం నిద్ర అని రాసుకోండి.

తెల్లారి నర్సన్న షట్టర్ బాదితే లేచాను. తాళం వేసినట్టే ఉంది. చెవి మొలతాడుకే ఉంది. తీశాను. నర్సన్న, వెనక పళ్లెంతో వదిన. ఇద్దరూ బల్ల వైపు చూసి ఆగిపోయారు.

బల్ల కింద ఉండాల్సిన క్లాంపు ఎర్రగుడ్డ మీద ఉంది. మాగ్నెట్‌ను పైనుంచి కిందికి, మీటతో సహా కరిచి పట్టుకుంది. మీట ఇక తిరగదు. దండ మాత్రం చెక్కుచెదరలేదు. ఒక్క బంతి రెక్క రాలలేదు.

"గిదేందిరా?"

"నేను ముట్టలేదన్నా."

"నువ్వు గాకపోతే ఎవరు? తాళం లోపల్నుంచి ఉన్నది. చెవి నీ నడుముకే ఉన్నది. నీకు దాని మీద కుళ్లున్నదని గల్లీ గల్లీకి ఎరుక!"

"కుళ్లున్నదన్నా. కానీ ముట్టలే."

నర్సన్న కోపంగా వంగాడు. వంగినవాడు అలాగే ఉండిపోయాడు. దవడకూ మీటకూ మధ్య తోలు ముక్క. రెండు మడతలు. అంచు లోపలికి.

"బాపు..." అన్నాడు, మెల్లగా.

ఆ మడత వేయడం షాపులో వచ్చింది ముగ్గురికే. ఒకాయన పోయాడు. ఒకాయన నా ఎదురుగా నిలబడ్డాడు. మూడోవాణ్ణి నేను.

నర్సన్న పిడి పట్టుకుని తిప్పబోయాడు. మీట ఆఫ్‌లో ఉంది కదా, మాగ్నెట్ బల్లను పట్టుకోలేదు. క్లాంపుతో పాటే గిర్రున తిరుగుతోంది. రెండుసార్లు చూశాడు. చివరికి, తల ఎత్తకుండానే...

"సాయిగా, జర పట్టుకో."

ఉగాది తర్వాత ఆ మాట వినడం అదే మొదటిసారి. పట్టుకున్నాను. ఆరేళ్లలో మొదటిసారి నా చెయ్యి వణికింది. కిర్ర్... కిర్ర్... అదే చప్పుడు, ఈసారి వెనక్కి. క్లాంపు ఊడింది. వదిన గబగబా దానికి బొట్టు పెట్టింది. ఒక్క క్షణం ఆగి, అదే వేలితో నాకూ పెట్టింది. కూర్చుని మాట్లాడే మాట నర్సన్న మళ్లీ ఎత్తలేదు. ఇప్పుడు రోజూ మొదటి టాకాకు నేనే పట్టుకోవాలి, క్లాంపుతో. మిగతావి మాగ్నెట్ పట్టుకుంటుంది. మా ఇద్దరికీ పెద్దగా మాటల్లేవు.

ఇక్కడితో అయిపోతే నేనూ హాయిగా తాతే వచ్చాడనుకునేవాణ్ణి. ఆ సాయంత్రం నా సంచి దులిపితే గ్లౌజులు పడ్డాయి. ఎడమదానికి బొటనవేలి దగ్గర తోలు లేదు. ఎప్పుడో నిప్పురవ్వలకు కాలి ఊడిపోయి ఉంటుందా... ఎవరైనా కోశారా... అంచు చూస్తే రెండు రకాలుగానూ ఉంది. పండక్కి ముందు బాగానే ఉందా అంటే, తెలియదు. మాగ్నెట్ వచ్చినప్పటి నుంచి గ్లౌజు వేసుకునే పనే పడలేదు కదా. అరచేతులు వాసన చూసుకున్నాను. తుప్పు. అది ఆరేళ్ల నుంచీ ఉన్నదే.

తాతకు మాత్రం తోలు కావాలంటే ఎక్కడ దొరుకుతుంది? నా సంచిలోనే. అలా అనుకుని పడుకుంటాను. కానీ ఒక చేత్తో ఇంకో చేతి మణికట్టును గట్టిగా పట్టుకుని మరీ పడుకుంటాను. ఎంతైనా, పట్టుకోవడం నాకొచ్చిన పనే.