లాభం, రెండు, మూడు

మా అమ్మాయికి లెక్కలు తానే నేర్పానని మా ఆయన చెబుతాడు. అల్లుడి మాట కాబట్టి మిర్యాలగూడలో మా పుట్టింటివాళ్లూ తలలూపుతారు. నేను ఊపను. ఎనభైల చివర్లో ఆయన ఒక పలక కొన్న మాట నిజం. రెండు సాయంత్రాలు పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆవులించిన మాటా నిజం. మూడో రోజు నుంచి ఆ పలక పెరుగు గిన్నె మీద మూత.

లెక్కలు నేర్పింది మా అత్తమ్మ. ఆమెకు సంతకం రాదు, వేలిముద్రే. సూర్యాపేట ఇంట్లో రోజూ పొద్దున బియ్యం కొలిచేటప్పుడు మనవరాలి చేతికి గ్లాసు ఇచ్చేది. మనిషికో గ్లాసు. మొదటిదాన్ని మాత్రం ఒకటి అనకూడదు, లాభం అనాలి. గింజలు కొలిచే ఇళ్లలో అది ఆనవాయితీ. "లాభం, రెండు, మూడు" అంటూ పిల్ల గిన్నెలో పోసేది.

ఐదేళ్లు నిండాక ఒకటో తరగతిలో చేర్చడానికి తీసుకెళ్లాం. అడిగినవి చెప్పకపోతే ఇంకో ఏడాది చిన్నపిల్లల గదిలోనే. పెద్ద టీచరుది కోదాడ. బల్లమీద నాలుగు సుద్దముక్కలు పెట్టి లెక్కపెట్టమంది.

"లాభం, రెండు, మూడు, నాలుగు."

ఆవిడ మూడు తీసేసింది. "ఇప్పుడెన్ని?"

"లాభం."

"ఒకటి రాని పిల్లని ఒకటో తరగతిలో ఎలా కూర్చోబెట్టమంటారండీ?"

మా ఆయన గోడమీది దేశపటంలో ఊళ్లు వెతకసాగాడు. నేనే అందుకున్నాను. "నాలుగుంటే నాలుగే అన్నది గద మేడం. లెక్క ఏడ తప్పింది?"

"పేరు తప్పిందండీ."

"పేరుతోని ఏం పని? బియ్యం సంగతి అడుగుండ్రి."

ఆవిడ పిల్లవైపు తిరిగింది. "మీ ఇంట్లో ఎంతమంది?"

"ఐదుగురం. ఐదు గ్లాసులు."

"ఇద్దరు చుట్టాలొస్తే?"

"ఏడు. సోమారమైతే ఆరే, నాయనమ్మ ఒక్కపొద్దుంటది." కాస్త ఆలోచించి, "నాన్న టూరుకు పోతే ఐదు," అంది.

సీటు దొరికింది. రేపటి నుంచి ఇంట్లో కూడా ఒకటి అనే చెప్పించాలన్నది షరతు. ఆ మాట చెబితే అత్తమ్మ, "గట్లనే అంటతియ్యి, బడోళ్లను పరేషాన్ చేసుడెందుకు," అంది.

మర్నాడు మొదటి గ్లాసు పోయించి "లాభం" అంది. రెండోది పోయించి "ఒకటి" అంది. అలా ఐదు దాకా లెక్కపెట్టించింది. గిన్నెలో ఆరు గ్లాసుల బియ్యం.

"అత్తమ్మా, ఒకటి ఎక్కువైంది."

"మీ బడి లెక్కే గద బిడ్డా."

ఆ ఏడాదంతా మా పొద్దుటి టిఫిను తాలింపు పెట్టిన రాత్రి అన్నమే. మా ఆయన పిల్లకు పొదుపు నేర్పానంటూ దాన్ని కూడా తన పెంపకం ఖాతాలోనే వేసుకుంటాడు, అది వేరే పేచీ. నేను తేల్చుకోలేకపోయింది ఒక్కటే. చుట్టాలు, ఒక్కపొద్దులు, టూర్లు అన్నీ మెతుకు మిగలకుండా లెక్కగట్టిన మా అత్తమ్మకు ఆరో గ్లాసు పొరపాటున పడేదా, పంతానికి పడేదా?